ఒక పాలపన్ను, పదకొండు వేల సైటేషన్లు

ఇది కథ అని ముందే చెప్పేస్తున్నాను. ఇరవై రెండేళ్ళు పరిశోధన సంస్థ లైబ్రరీలో పనిచేసినవాణ్ణి, ఏ కాగితం ఎంతదూరం పోతుందో నాకు బాగా తెలుసు. పరిశోధన పత్రం రాస్తే ప్రపంచం వెతికి పట్టుకుంటుంది. తెలుగులో కథ రాస్తే మా వీధి చివర ఇస్త్రీ బండి దాకా కూడా వెళ్ళదు. నాక్కావలసిందీ అదే. పేర్లన్నీ మార్చాను. ఊరు మాత్రం విశాఖపట్నమే. సముద్రాన్ని మార్చడం నా వల్ల కాలేదు.

నా పేరు పైడిరాజు అనుకోండి. భీమిలి రోడ్డులో కొండవాలున ఉన్న ఒక జీవశాస్త్ర సంస్థలో లైబ్రేరియన్ని. లైబ్రేరియన్ అంటే పుస్తకాలిచ్చి పుచ్చుకునేవాడని అందరూ అనుకుంటారు. ఆ పని ఎప్పుడో పోయింది. ఇప్పుడు మా పనల్లా లెక్కపెట్టడం. ఒక సైంటిస్టు పత్రం రాస్తాడు. ఇంకో సైంటిస్టు తన పత్రంలో ‘ఫలానావారు ఇలా కనుక్కున్నారు’ అని దాని పేరెత్తుతాడు. అలా పేరెత్తడాన్నే సైటేషన్ అంటారు. ఎవరి పేరు ఎంతమంది ఎత్తారో ఏటా లెక్కతీసి, గీతలు గీసి డైరెక్టరుగారి బల్లమీద పెట్టాలి. ప్రమోషన్లూ అవార్డులూ అన్నీ ఆ గీతలమీదే నడుస్తాయి. పెళ్ళిళ్ళ పేరయ్యకి జాతకాలెలాగో మాకు సైటేషన్లు అలాగ.

మా ఆవిడ హైమావతి అక్కడే సైంటిస్టు. కడుపులో ఒక్క కణంగా మొదలైన బిడ్డకి చెయ్యెప్పుడు మొలవాలో, కన్నెప్పుడు తెరుచుకోవాలో, పాలపన్ను ఎప్పుడు ఊడాలో కణాలకి ఎలా తెలుస్తుందన్నదే ఆవిడ విద్య. ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉందని ఆవిడ నమ్మకం. దాన్ని పట్టుకోవడానికి లేత కణాలు కావాలి. పిల్లల పళ్ళలోపలి గుజ్జులో అవి దొరుకుతాయట. ఆసుపత్రి నుంచి పళ్ళు తెప్పించుకోవాలంటే రోగులకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ ఫైలు ఏడాదిగా కదల్లేదు.

సరిగ్గా అప్పుడే మా తనూజకి మొదటి పన్ను ఊడింది. దానికి ఆరేళ్ళు. ఆదివారం పొద్దున్న జామకాయ కొరుకుతుంటే ఊడి చేతిలో పడింది. మా అమ్మ సూరీడమ్మది పాలకొండ. పన్నుని పేడలో పెట్టి ఇంటిమీదకి విసరాలి, అప్పుడే కొత్తపన్ను వరసగా వస్తుందని ఆవిడ పట్టు. మూడో అంతస్తు అపార్టుమెంటులో పేడెక్కడిది? ఆవిడ వెతకడానికి చెప్పులేసుకుంది కూడా. ఈలోగా హైమ ఆ పన్నుని చల్లటి పాలగ్లాసులో వేసి, పైన మూతపెట్టి, కారు తాళాలు తీసుకుంది.

“ఏటే కోడలా, పన్ను ఇంటిమీద ఎయ్యమంటే పాలల్లో ఎట్టీసినావేటి?” అంది మా అమ్మ.

“ల్యాబుకి తీసుకెళ్తానత్తయ్యా. లోపల కణాలు ఇంకా బతికే ఉంటాయి.”

“బతికున్నదాన్ని అట్టుకెళ్ళి ఏటి సేస్తావు?”

“పెంచుతాను.”

మా అమ్మ చెప్పులు విప్పేసింది. “సరే. పిల్లని నాను పెంచుతాను, పన్నుని నువ్వు పెంచు” అంది. అందరం నవ్వాం. తనూజ బోసినోటితో అందరికంటే గట్టిగా నవ్వింది.

తరవాత పత్రంలో హైమ ఒక వాక్యం రాసింది. ‘ఆరోగ్యవంతురాలైన ఆరేళ్ళ బాలిక దంతం, ఆసుపత్రి ద్వారా సేకరించినది.’ సొంత కూతురి పన్నుకి ఎవరి అనుమతి అడగాలి చెప్పండి? అప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆ కణాలకి పేరు పెట్టింది కూడా నేనే. పాలపన్ను, ఆరేళ్ళు కలిపి పీపీ-6 అన్నాను. బారసాల అయిపోయినట్టు లడ్డూలు కూడా పంచాను, బుద్ధి లేక.

ఆ కణాల్లో హైమ ఒక ఏర్పాటు చేసింది. లోపలి గడియారం ఒక్కసారి కొట్టుకుంటే కణం పచ్చగా మెరుస్తుంది. కణాల్ని పెంచే చిన్న గాజుపళ్ళేన్ని డిష్ అంటారు. ఒక డిష్‌ని ఇక్కడుంచి, రెండోదాన్ని జపానులో తెలిసిన ల్యాబుకి పంపింది. అక్కడి వాతావరణానికి గడియారం తేడాగా కొట్టుకుంటుందేమో చూడాలని. ఒకరోజు భోజనాల వేళ నేను క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి హైమా, ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఎస్తేరూ రెండు తెరల ముందు బిగుసుకుపోయి నిలబడ్డారు. ఒక తెరమీద మన డిష్, రెండోదానిమీద జపాను డిష్.

“మేడం, మళ్ళీ!” అంది ఎస్తేరు.

రెండూ ఒక్కసారే మెరిశాయి. ఒక నిమిషం చీకటి. మళ్ళీ ఒక్కసారే మెరిశాయి. జపానులో ఉన్నాయన తన డిష్‌ని ఐసుమీద పెట్టాడు. గడియారం నెమ్మదించింది. ఇక్కడ వెచ్చగా ఉన్న మా డిష్ కూడా నెమ్మదించింది. ఎస్తేరు సిలువ గుర్తు వేసుకుంది. ఆ అమ్మాయిది బాపట్ల, సామాన్యంగా దేనికీ జంకే మనిషి కాదు. నేనైతే క్యారేజీ విప్పకుండానే వచ్చేశాను.

ఒకే దేహపు కణాలు ఎంత దూరాన ఉన్నా ఒకే కాలాన్ని పాటిస్తాయి. పత్రం సారాంశం అంతే. మొదటి ఏడాది అందరూ నవ్వారు, సైటేషన్లు నాలుగు. ఎవరో చేసి చూశారు. నిజమే అని తేలింది. ఆ తరవాత ఇక చూసుకోండి! తొంభై, ఏడువందలు, రెండువేలు, నాలుగువేలు. వేరేవాళ్ళ కణాల్లో ఈ సంగతి మసగ్గా కనబడేది, పీపీ-6లోనేమో దీపం పెట్టినట్టు కనబడేది. దాంతో ప్రతివాడికీ పీపీ-6 కావాలి. హైమ ఎవరడిగినా కాదనకుండా పంపేది. షరతు ఒక్కటే, పత్రంలో మా పేరెత్తాలి. ఎవరికి పంపామో, ఎవరు పేరెత్తారో ఆ జాబితా నా దగ్గరుండేది. రెండువేల మూడువందల ల్యాబులు. ఒక్కో ల్యాబులో ఎన్ని డిష్‌లుంటాయో ఎవరు చెప్పగలరు? కణాలు ముదిరితే ప్రయోగానికి పనికిరావు కనక వాటిని ఎప్పటికీ ఆరేళ్ళ లేతదనంలోనే ఉంచే మందు కలిపేవారు. మిగిలినవాటిని గడ్డకట్టించి దాచుకునేవారు.

ఇంట్లో మా చెక్కబీరువా పక్కన పెన్సిలు గీతలుంటాయి. ప్రతి పుట్టినరోజుకీ తనూజని నిలబెట్టి గీస్తాను. ఏడో ఏట నూటపద్దెనిమిది సెంటీమీటర్లు, ఎనిమిదికి నూటఇరవైనాలుగు. తొమ్మిదికి మూడే పెరిగింది. పదికి ఒకటిన్నర. పదకొండుకి అర. గది తలుపు పై గొళ్ళెం పెట్టాలంటే అప్పటికీ కుర్చీ వేసుకోవలసిందే. డాక్టర్లకి చూపించాం. రక్తంలో అన్నీ సరిగానే ఉన్నాయన్నారు, కొందరు ఆలస్యంగా ఎదుగుతారన్నారు. పళ్ళ డాక్టరు ఎక్స్‌రే తీసి ఆశ్చర్యపోయాడు. ఇంకా ఎనిమిది పాలపళ్ళు కదలకుండా ఉన్నాయి. వాటికింద అసలు పళ్ళు రైలు రాని ప్లాట్‌ఫారంమీద జనంలా కిక్కిరిసి నిలబడ్డాయి.

“నాన్నా, క్లాసులో అందరికీ ఏటా కొత్త యూనిఫారం. నాకు మాత్రం మూడేళ్ళ నుంచీ ఇదే” అనేది తనూజ. నవ్వుతూనే అనేది. నేనూ నవ్వుతూనే, “మంచిదే, గుడ్డ మిగిలింది” అనేవాణ్ణి. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దానికి ఇంకో అలవాటు పట్టుకుంది. కొన్ని రోజులు అసలు ఆకలేసేది కాదు. పళ్ళెం ముందు కూర్చోబెడితే, “కడుపు నిండుగా ఉంది నాన్నమ్మా, ఎవరో ఇప్పుడే తినిపించినట్టుంది” అనేది. మా అమ్మ లెక్కచూసి సంబరపడిపోయింది. సోమవారం శివుడికీ, బుధవారం వినాయకుడికీ, శుక్రవారం అమ్మవారికీ పిల్ల ఉపవాసం ఉంటోందట! “పూర్వజన్మలో ఏ మహాతల్లో” అని వీధంతా చెప్పుకొచ్చింది. ఇంకా ఒక్కొక్కప్పుడు మిట్టమధ్యాహ్నం మే నెల ఉక్కలో, “చలి, చలి” అని దుప్పటి కప్పుకునేది. ఫిబ్రవరిలో స్కూలు మెట్లమీద పడి మోకాలు చెక్కుకుపోయింది. జూన్ వచ్చినా ఆ గాయం అలాగే ఉంది. చీము లేదు, నొప్పి లేదు. ఇప్పుడే పడి లేచినట్టు ఎర్రగా, తడిగా మెరుస్తూ ఉండేది.

జూన్‌లో దాని పన్నెండో పుట్టినరోజు. బీరువా పక్కన నిలబెట్టి గీత గీశాను. పాత గీతమీదే పడింది. పెన్సిలు ముక్కు అంత తేడా కూడా లేదు.

మర్నాడు ఆఫీసులో హైమ అవార్డు దరఖాస్తుకోసం ఆవిడ సైటేషన్ల గీత గీస్తున్నాను. అప్పటికి మొత్తం పదకొండు వేలు. ఏం తోచిందో, అదే కాగితంమీద తనూజ ఎత్తులు కూడా వేశాను. ఒక గీత పైకి లేస్తున్నకొద్దీ రెండోది పడుకుంటోంది. ఏ ఏడాది సైటేషన్లు రెట్టింపయ్యాయో ఆ ఏడాదే పిల్ల ఎదుగుదల సగమైంది. నా ఉద్యోగంలో వేల గీతలు చూశాను, ఇంత చక్కగా కుదిరినవి చూడలేదు. 

హైమ చూసి కొట్టిపారేసింది. “లైబ్రేరియన్‌గారూ, ఈ ఆరేళ్ళలో కొబ్బరికాయల ధర కూడా పెరిగింది. దాంతో గీత వేసినా ఇలాగే వస్తుంది.”

“కొబ్బరికాయలు పిల్లకి అన్నం తినిపించవు కదా హైమా. సోమ, బుధ, శుక్ర దానికి ఆకలుండదు. మా అమ్మ ఉపవాసాలంటోంది, నువ్వేమంటావు?”

నేనేదో మాటకి అన్నాను. ఆవిడ కుర్చీ పట్టుకుని కూర్చుంది. మెల్లగా చెప్పింది. కణాలకి రెండురోజులకోసారి ఆహారం మార్చాలి. ఆదివారం ల్యాబుకి రావడం ఎవరికీ ఇష్టముండదు. అందుకని ప్రపంచంలో ఏ ల్యాబు చూసినా సోమ, బుధ, శుక్రవారాలే మారుస్తారు.

“ఒకే దేహపు కణాలు ఒకే కాలాన్ని పాటిస్తాయని నేనే రాశాను,” అంది. “దేహం కూడా అందులో ఒకటేనన్న సంగతి నాకు తట్టలేదు. ఇక్కడ ఒక్క తనూజ, అక్కడ లక్ష డిష్‌లు. అన్నీ ఎదగొద్దు ఎదగొద్దంటున్నాయి. ఎవరి మాట నెగ్గుతుంది?”

ఆ సాయంత్రం హైమ పిల్ల నాడి చూసింది. నిమిషానికి నలభై ఆరు. రెండేళ్ళ కిందట డెబ్బైకి పైన ఉండేది. ఆ అంకెలు కూడా నా కాగితంమీద వేశాను. వచ్చే నెలలో నాలుగువందల ల్యాబులు కలిసి పీపీ-6మీద ఒక పెద్ద పథకం మొదలుపెట్టబోతున్నాయి. ఆ పథకం కూడా కలుపుకుని గీత పొడిగిస్తే దీపావళి దాటకుండా సున్నాని తాకుతోంది. నాడి సున్నా అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

హైమ సైంటిస్టు కాబట్టి ముందు పరీక్ష అంది. మంగళవారం పొద్దున్న తన ల్యాబులో ఉన్న పీపీ-6 డిష్‌లన్నిటిలోనూ బ్లీచింగు ద్రవం పోయించింది. ఎందుకని ఎస్తేరు అడిగితే, ‘మైకోప్లాస్మా పట్టిందేమో అనుమానం’ అని అబద్ధం చెప్పింది. మైకోప్లాస్మా అంటే కంటికి కనబడని సూక్ష్మజీవి. ఒక డిష్‌లో దూరితే, ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టినట్టు, చుట్టుపక్కల ఉన్నవన్నీ పాడవుతాయి. నేను ఇంట్లో తనూజ పక్కన కూర్చున్నాను. పదకొండు దాటి పది నిమిషాలకి ఆ మోకాలి గాయం చుట్టూ సన్నగా, నల్లగా పెచ్చు కట్టింది. నా కళ్ళముందే కట్టింది. నాలుగు నెలలుగా కట్టనిది! హైమకి ఫోన్ చేస్తే, “ఎన్ని గంటలకి?” అని ఒక్క మాటే అడిగింది. చెప్పాను. ఫోన్ పెట్టేసింది.

సగం అంచుకే కట్టి ఆగిపోయింది ఆ పెచ్చు. మిగతా ల్యాబుల్లోవన్నీ అలాగే ఉన్నాయి మరి.

హైమ అప్పుడు నిజమే రాసింది. పాతికేళ్ళుగా తెలిసిన ఐదుగురు పెద్ద సైంటిస్టులకి ఉత్తరాలు రాసింది. కూతురని చెప్పకుండా, ‘పన్ను ఇచ్చిన బాలిక ఎదుగుదల ఆగిపోయింది, ప్రాణాపాయం ఉంది, దయచేసి కణాలన్నీ నాశనం చెయ్యండి, మీకు తెలిసినవాళ్ళచేత కూడా చేయించండి’ అని. మంచివాళ్ళు, వింటారని నమ్మింది. వాళ్ళు మంచివాళ్ళే, నేను కాదనను. ఐదు జవాబులూ రెండురోజుల్లో వచ్చాయి. ‘అద్భుతం! ఆ బాలిక నాడిని ఎలా కొలిచారు?’ అని ఒకాయన. ‘నమ్మలేకపోతున్నాం. మా దగ్గర గడ్డకట్టించి ఉంచినవన్నీ కరిగించి పెంచుతున్నాం, బాలికలో మార్పు కనిపిస్తే తెలియజేయండి’ అని ఇంకొకావిడ. మూడో ఆయన రక్తం పంపమన్నాడు.

ఆ వారమే తనూజ నాడి నలభై ఒకటికి దిగింది. స్కూలు మానిపించాం. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చునేది. ఒకరోజు, “నాన్నా, చాలామంది నన్ను చూస్తున్నట్టుంది, దగ్గరగా వంగి” అంది. కిటికీ అవతల కొండా, దానిమీద ఎండా తప్ప ఏమీ లేవు.

“పత్రం ఉపసంహరించుకుంటాను,” అంది హైమ. “తప్పని ప్రకటిస్తాను.”

“లాభం లేదు,” అన్నాను. నా ఇరవై రెండేళ్ళ అనుభవంలో తెలిసిన మాట అదొక్కటే. ఉపసంహరించిన పత్రాలు చచ్చిపోవు. పదేళ్ళైనా జనం పేరెత్తుతూనే ఉంటారు, చదివేవాడెవడు? పైగా గొడవైందంటే ఇంకా నాలుగు పేర్లు ఎక్కువ. నిజం చెబితే చేసి చూస్తామంటారు. తప్పంటే నిరూపిస్తామంటారు. ఇక మిగిలిందేమిటి?

అప్పుడు గుర్తొచ్చింది. మంగళవారం హైమ మైకోప్లాస్మా అని ఉత్తుత్తినే అన్న సాయంత్రం, అదే భవనంలో పీపీ-6 వాడుతున్న మరో మూడు ల్యాబులవాళ్ళు ఎవరూ చెప్పకుండానే తమ డిష్‌లన్నీ బ్లీచింగులో ముంచేశారు. రుజువడగలేదు, వాదించలేదు. కణాల్ని వెచ్చగా ఉంచే తమ ఇంక్యుబేటర్లు పాడవుతాయేమోనన్న భయం అంతటిది.

ఆ మాట హైమకి చెప్పాను. 

“అయితే అంతా అబద్ధమని రాయాలి. మెరుపు కణాలది కాదు, సూక్ష్మజీవిదని. అందరూ ఒకే వేళకి ఆహారం మారుస్తారు కనక ఒకేసారి మెరిసిందని. అది తెలిసే దాచానని.”

“అవును.”

“నా జన్మలో నేను కనుక్కున్న నిజం అదొక్కటే రాజుగారూ.”

 పక్కగదిలో మా అమ్మ తనూజకి జడ వేస్తోంది. ఏడాదిగా జుట్టు కొసలు కత్తిరించే పని పడలేదు. హైమ అటు చూసింది, కంప్యూటరు ముందు కూర్చుంది. ఏడుస్తూనే టైపు చేసింది. వాక్యం వాక్యానికీ కళ్ళు తుడుచుకుని, తప్పులు దిద్దుకుంటూ, ఎవరికీ అనుమానం రాకుండా ఎంత చక్కగా రాసిందో! ఆవిడ రాసినవాటిలో అంత పకడ్బందీ పత్రం ఇంకోటి లేదు. అబద్ధానికి కూడా ఆవిడ బొమ్మలూ పట్టికలూ జతచేసింది.

“అన్నీ ఒక్కసారి చచ్చిపోతే దానికేమవుతుందో నాకు తెలీదు,” అంది చివర. “దాని గడియారం విడుదలవుతుందా, ఆగుతుందా, తెలీదు. ఇది మాత్రం పరీక్షించి చూడలేను.”

జాబితా నాది కాబట్టి పంపే పని నాకే పడింది. తరవాతి మంగళవారం సాయంత్రం రెండువేల మూడువందల చిరునామాలకీ ఒక్క నొక్కుతో పంపాను. మర్నాడు బుధవారం. కణాలకి ఆహారం మార్చడానికి అందరూ ల్యాబులకి వస్తారు.

పొద్దు తూర్పు నుంచే కదా వస్తుంది. మనకి ఇంకా కాఫీల వేళ కాకముందే జపానులో ల్యాబులు తెరిచారు. ఆరున్నరకి తనూజ లేచి కూర్చుని నోట్లో చెయ్యి పెట్టుకుంది. అరచేతిలో రెండు పళ్ళు. ఏడుకి ఇంకొకటి. కొరియా, చైనా, సింగపూరు అనుకుంటూ నేను గోడగడియారం చూస్తూ కూర్చున్నాను. పది దాటాక మన దేశంవంతు. గోళ్ళు పెరగడం కంటికి కనబడింది. మా అమ్మ పొద్దున్న ఒకసారి కత్తిరించింది, భోజనాలవేళకి మళ్ళీ కత్తిరించింది. “ఓలమ్మో, ఇదేటిరా బాబూ, ఇదేటి” అంటూనే కత్తిరించింది, ఆ చేతులు ఆగలేదు. మోకాలి పెచ్చు దానంతటదే రాలిపోయి కింద లేతగులాబీ చర్మం వచ్చింది. కాళ్ళలో ఎముకలు లాగేస్తున్నాయని పిల్ల గొంతు చించుకుని అరిచింది. హైమ దాన్ని ఒళ్ళో వేసుకుని, కాళ్ళకి కొబ్బరినూనె రాస్తూ, “అయిపోయిందమ్మా, అయిపోయింది” అంటూ కూర్చుంది.

మధ్యాహ్నం రెండు కావస్తుండగా అరుపులు ఆగిపోయాయి. అది యూరప్‌లో ల్యాబులు తెరిచే వేళ. జాబితాలో సగం ల్యాబులు అక్కడివే. తనూజ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒళ్ళు ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలా చల్లబడింది. హైమ మణికట్టు పట్టుకుని చూసింది, మెడమీద వేళ్ళు పెట్టి చూసింది. నాకేసి చూసి తల అడ్డంగా ఊపింది. మా అమ్మ కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను లెక్కపెట్టాను, ఇంకేం చేతనవును నాకు? నలభై దాకా లెక్కపెట్టాను. నేనే చంపాను అనుకున్నాను. నా చేత్తో, ఒక్క నొక్కుతో, బిడ్డని చంపేశాను.

నలభై మూడు దగ్గర పిల్ల ఊపిరి పీల్చింది. పుట్టినప్పుడు పీల్చినట్టు, ఒళ్ళంతా ఎగిరిపడేలా. వెంటనే కేరుమంది. నాడి కొట్టుకుంటోంది. తొంభై, వంద. హైమ దాన్ని గుండెకి అదుముకుని పైకే ఏడ్చింది. మా అమ్మ పాలకొండలో ఉన్న దేవతలందరికీ వరసగా మొక్కేసింది.

రాత్రి పదకొండయ్యేసరికి అమెరికా కూడా అయిపోయింది. ఎనిమిదో పన్ను ఊడింది. తనూజ ఒకదాని తరవాత ఒకటి పదకొండు దోసెలు తిని నిద్రపోయింది. ఆ రోజు బుధవారమని మా అమ్మ కూడా మరిచిపోయింది.

మిగతాది మీరు ఊహించుకోగలరు. హైమకి అవార్డు పోయింది, ఉద్యోగం పోయింది. పేపర్లలో బొమ్మ వేసి మరీ రాశారు. పదకొండు వేల చోట్ల గౌరవంగా ఎత్తిన పేరుని ఇప్పుడు మోసాల గురించి రాసే పత్రాల్లో మాత్రమే ఎత్తుతారు. ఆ లెక్క కూడా నేనే చూస్తుంటాను. పెరగకపోతే ఆవేళ అన్నం సయిస్తుంది.

ఎస్తేరు ఒకరోజు ఇంటికొచ్చింది. ఐదేళ్ళ చదువు మట్టిలో కలిసింది ఆ అమ్మాయికి. గుమ్మంలోనే నిలబడింది.

“మేడం, మనం ఆహారం మార్చని రోజు కూడా మెరిశాయి. నేను చూశాను. నా కళ్ళతో చూశాను కదా మేడం!”

“ఆ డేటా నేను మార్చాను ఎస్తేరూ,” అంది హైమ.

“లేదు. మీరు అలాంటివారు కాదు.”

“అలాంటిదాన్నే. ఇంటికెళ్ళమ్మా.”

ఎస్తేరు వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నిజం ఒక్కళ్ళకి తెలిసినా చాలు, ఎక్కడో ఏ ఫ్రీజరు అడుగునో మరిచిపోయిన బుడ్డీ పైకి తీస్తారు. చేసి చూడకుండా ఉండలేరు వాళ్ళు. హైమకి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు, ఆవిడా వాళ్ళలో మనిషే. అందుకే తనూజకి కూడా చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. నీకు ఏదో ఎదుగుదల జబ్బు వచ్చి తగ్గిందని చెప్పాం.

ఇది జరిగి మూడేళ్ళు. తనూజ పదో తరగతి. మొన్న శనివారం స్కూలు నుంచి వచ్చి బ్యాగు సోఫామీదకి విసిరింది. క్లాసులో ఎవరో ఫోనులో చూశారట. సైన్సు మోసాల జాబితాలో తల్లి పేరు నాలుగోది.

“అమ్మా, ఇది నువ్వేనా?”

హైమ కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట పక్కకి పెట్టింది. “నేనే.”

“తెలిసే అబద్ధం రాశావా?”

నేను నోరు తెరిచాను. హైమ నాకేసి చూడనైనా చూడలేదు, అయినా నా నోరు మూసుకుపోయింది.

“తెలిసే రాశాను.”

“ఎందుకు? ఎందుకమ్మా?”

“పేరు కోసం.”

 తనూజకి తల్లంటే ఎంత గొప్పో, చిన్నప్పుడు ఎవరేమడిగినా ‘మా అమ్మ సైంటిస్టు’ అని ఎలా చెప్పుకునేదో మా ఇద్దరికీ తెలుసు. “ఛీ! నిన్ను అమ్మా అని పిలవడానికి కూడా సిగ్గుగా ఉంది” అంది. గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకుంది. లోపల గొళ్ళెం పడిన చప్పుడైంది.

హైమ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను ఏదో అనబోతుంటే వేలెత్తి ఆపింది. తలుపుకేసే చూస్తోంది.

“విన్నారా?” అంది గుసగుసగా. “పై గొళ్ళెమండీ. కుర్చీ వేసుకోకుండా పెట్టేసింది.”